డెంగీ ఊరంతా ఎలా పాకుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

డెంగీ అనగానే అందరూ అడిగేది జ్వరం గురించి. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు తగ్గుతుంది, ఏ మందు వాడాలి అని. ఎక్కడో ఒక ఇంట్లో మొదలైన జ్వరం రెండు మూడు నెలల్లో ఆసుపత్రి వార్డులు నిండిపోయేంతగా ఎలా పాకుతుందని అడిగేవాళ్ళు తక్కువ. అది తెలిస్తేనే దాన్ని ఎక్కడ అడ్డుకోవచ్చో తెలుస్తుంది. అందుకే ఇక్కడి ప్రశ్నలు ఎక్కువగా వ్యాప్తి గురించే. రోగిని చూసుకోవడం గురించి చివర్లో అవసరమైనంత వరకే రాశాను.

డెంగీ ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటుకుంటుందా?

అంటుకోదు. రోగిని ముట్టుకున్నా, పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. మధ్యలో దోమ ఉండాల్సిందే. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, రక్తం ఎక్కించినప్పుడు సోకిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి. వాటివల్ల వ్యాధి ఊరంతా పాకదు. కాబట్టి రోగికి దూరంగా ఉండాల్సిన పని లేదు, రోగిని దోమ కుట్టకుండా చూస్తే చాలు.

మరి ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురికి ఒకేసారి ఎందుకు వస్తుంది?

ఈడిస్ ఈజిప్టై అనే దోమ స్వభావమే అంత. నల్లటి ఒంటిమీద, కాళ్ళమీద తెల్ల చారలతో ఉండే ఈ దోమ మనిషి రక్తాన్నే ఇష్టపడుతుంది, మనిషి ఉన్న ఇంట్లోనే కాపురముంటుంది. మంచం కింద, పరదాల వెనక, వేలాడే బట్టల మధ్య నక్కి ఉంటుంది. కుట్టేది పగలు. పొద్దున్నే కొన్ని గంటలు, సాయంత్రం చీకటి పడేముందు మరీ ఎక్కువ.

ఇది చాలా బెరుకు దోమ. కాస్త కదిలితే చాలు, లేచి ఇంకొకరి మీద వాలుతుంది. కడుపు నిండేలోపు ఇద్దరు ముగ్గురిని కుట్టడం దీనికి మామూలే. వైరస్ ఉన్న దోమ ఒక్కటి ఇంట్లో దూరితే రెండు మూడు రోజుల్లో ఇంటిల్లిపాదికీ అంటించగలదు.

ఇంట్లో ఇద్దరికి రెండు మూడు రోజుల తేడాతో జ్వరం వచ్చిందంటే బహుశా ఇద్దరినీ ఒకే దోమ కుట్టి ఉంటుంది. తేడా రెండు మూడు వారాలు ఉంటే మాత్రం మొదటి రోగి రక్తం తాగిన దోమ రెండో మనిషిని కుట్టి ఉండొచ్చు. మొదటి దాన్ని ఆపడం కష్టం. రెండోది ఆపగలిగేదే.

ఈ దోమ కొన్ని వందల మీటర్లు మించి ఎగరదంటారు. వైరస్ ఊళ్ళు దాటి ఎలా పోతుంది?

మనమే మోసుకుపోతాం. చాలామందికి నమ్మశక్యంగా అనిపించదు గానీ, డెంగీని దూరాలకు చేర్చేది మనిషే. దోమ తను పుట్టిన చోటు చుట్టుపక్కలే బతికి చచ్చిపోతుంది. మనిషి పొద్దున పనికి, పిల్లలు బడికి, సాయంత్రం చుట్టాలింటికి, వారాంతంలో ఇంకో ఊరికి వెళ్తుంటారు. వైరస్ ఒంట్లో ఉన్న మనిషిని అక్కడి దోమ కుడితే అక్కడ కొత్త గొలుసు మొదలవుతుంది.

పెరూ దేశంలోని ఇకిటోస్ నగరంలో పరిశోధకులు దీన్ని దగ్గరగా గమనించారు. ఇళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాని కంటే ఎవరు ఎవరింటికి వెళ్ళొస్తుంటారన్నదే వ్యాప్తిని ఎక్కువగా నిర్ణయిస్తోందని తేలింది. థాయ్‌లాండ్‌లో 1983 నుంచి 1997 వరకు నమోదైన కేసులను విశ్లేషిస్తే ఇంకో సంగతి బయటపడింది. సుమారు మూడేళ్ళకోసారి బ్యాంకాక్‌లో మొదలైన అల నెలకు 148 కిలోమీటర్ల వేగంతో మిగతా రాష్ట్రాలకు పాకింది. పెద్ద నగరంలో వైరస్ ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. చిన్న ఊళ్ళలో ఆరిపోయినా, నగరం నుంచి మళ్ళీ వస్తుంది.

ఇక్కడ అసలు చిక్కు లక్షణాలు లేనివాళ్ళతో. డెంగీ సోకినవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి చెప్పుకోదగ్గ జ్వరమే రాదు. 2013లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 39 కోట్ల మందికి సోకుతుంటే, జబ్బుపడేది 9.6 కోట్ల మందే. ఏ బాధా లేనివాళ్ళు మంచాన పడరు, మామూలుగా తిరుగుతారు. వాళ్ళ నుంచి కూడా దోమలకు వైరస్ ఎక్కుతుందని కంబోడియాలో జరిగిన పరీక్షల్లో రుజువైంది. జ్వరం వచ్చేవాళ్ళ రక్తంలోనూ జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ ఉంటుంది. అందుకే ప్రయాణికులకు జ్వరం ఉందో లేదో చూసి డెంగీని సరిహద్దులో ఆపడం సాధ్యం కాదు.

వానాకాలంలోనే ఎందుకు ఎక్కువ?

వాన పడితే గుడ్లు పెట్టడానికి నీళ్ళు దొరుకుతాయి, గాలిలో తేమ ఉంటే దోమ ఎక్కువ రోజులు బతుకుతుంది. అందరికీ తెలిసిన కారణాలివి. వీటికంటే కీలకమైనది ఉష్ణోగ్రత.

రోగిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని పేగుల్లో పెరిగి, ఒళ్ళంతా పాకి, లాలాజల గ్రంథులకు చేరాలి. 25 నుంచి 28 డిగ్రీల వేడిలో అందుకు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆడదోమ బతికేది మహా అయితే రెండు నుంచి నాలుగు వారాలు, చాలావాటికి అంత ఆయుష్షూ ఉండదు. అంటే చాలా దోమలు వైరస్ సిద్ధమయ్యేలోపే చచ్చిపోతాయి. వేడి కొంచెం పెరిగి ఆ వ్యవధి రెండు మూడు రోజులు తగ్గినా, అంటించే వయసుదాకా బతికే దోమల సంఖ్య బాగా పెరుగుతుంది. 29 డిగ్రీల దగ్గర వ్యాప్తి అత్యంత జోరుగా ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. 35 డిగ్రీలు దాటాక దోమకే కష్టమై తగ్గుముఖం పడుతుంది.

అయితే కరువులో డెంగీ రాదనుకోవద్దు. కుళాయి నీళ్ళు రోజూ రాని చోట జనం డ్రమ్ముల్లో, తొట్లలో నీళ్ళు పట్టి ఉంచుకుంటారు. నీటి కొరత ఎక్కువైన కొద్దీ ఆ నిల్వలూ పెరుగుతాయి. వియత్నాంలో కుళాయి కనెక్షన్లు లేని, ఓ మోస్తరు జనసాంద్రత ఉన్న ప్రాంతాల్లోనే ముప్పు ఎక్కువని ఒక పెద్ద అధ్యయనం చూపింది. నీళ్ళు నిల్వ చేసుకునేవాళ్ళను తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. నమ్మకంగా నీళ్ళిచ్చే కుళాయి కూడా డెంగీ నివారణే.

మురికి కాలువలు బాగుచేస్తే డెంగీ తగ్గుతుందా?

పెద్దగా తగ్గదు. మురికినీటిలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ, డెంగీని పాకించేది అది కాదు. ఈడిస్‌కు ఇంటి చుట్టూ పాత్రల్లో నిలిచే, చూడ్డానికి శుభ్రంగా ఉండే నీళ్ళు కావాలి. మూతలేని డ్రమ్ము, కూలర్ ట్రే, పూలకుండీ కింది పళ్ళెం, పాత టైరు, డాబా మీద వదిలేసిన బకెట్, కట్టుబడి జరిగే చోట గుంటలు, ఇలాంటివన్నీ దానికి నిలయాలే. కాలువ బాగు చేయించి ‘మా వీధికి ఇక డెంగీ రాదు’ అని నిశ్చింతగా ఉండే వీధులే దెబ్బతింటుంటాయి.

కొన్నేళ్ళు నెమ్మదిగా ఉండి ఒక్కసారిగా ఎందుకు విరుచుకుపడుతుంది?

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకితే దాని నుంచి దాదాపు జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి నుంచి మాత్రం కొన్ని నెలలే, మహా అయితే ఏడాది రెండేళ్ళు. ఊళ్ళో ఒకే రకం నాలుగైదేళ్ళు తిరిగితే జనంలో ఎక్కువమందికి దానిమీద రక్షణ వస్తుంది, కేసులు తగ్గుతాయి. ఈలోపు పిల్లలు పుడతారు, కొత్తవాళ్ళు వలస వస్తారు, పాత తాత్కాలిక రక్షణ కరిగిపోతుంది. అప్పుడు వేరే రకం అడుగుపెడితే దానికి ఎదురే ఉండదు.

శ్రీలంకలో 2017లో ఇదే జరిగింది. అంతకుముందు కొన్నేళ్ళుగా పెద్దగా కనిపించని రెండో రకం ఆ ఏడు విజృంభించి, 1,86,000కు పైగా కేసులు, 440 మరణాలు నమోదయ్యాయి. ఏ రకం తిరుగుతోందో ఏడాది పొడవునా ప్రయోగశాలలో చూస్తూ ఉంటే, రకం మారడాన్ని ప్రమాద ఘంటికగా తీసుకోవచ్చు. కేసుల సంఖ్య మాత్రమే చూసే దేశాలు ఈ ముందస్తు హెచ్చరికను కోల్పోతున్నాయి.

సింగపూర్ కథ ఇంకో రకం. 1960ల చివర నుంచి కఠినమైన చట్టంతో, ఇంటింటి తనిఖీలతో లార్వా (గుడ్డు నుంచి వచ్చి నీళ్ళలో పెరిగే దోమ పిల్ల) దొరికే ఇళ్ళను రెండు శాతం స్థాయికి తెచ్చింది. చాలా ఏళ్ళు డెంగీ అదుపులో ఉంది. ఆ కాలంలో పెరిగిన పిల్లలకు డెంగీ సోకనే లేదు కాబట్టి సహజ రక్షణా రాలేదు. ఇప్పుడు కొద్దిపాటి దోమలున్నా వైరస్ పాకుతోంది. 2020లో అక్కడ 35,000కు పైగా కేసులొచ్చాయి. దోమల నియంత్రణ వృథా అని దీన్నిబట్టి అనుకోకూడదు. ఒక తరాన్ని కాపాడిన పనిని తర్వాతి తరం కోసం ఇంకా గట్టిగా చేయాల్సి వస్తుందన్నమాట.

రెండోసారి వస్తే ప్రమాదమనే మాట నిజమేనా?

నిజమే. దీనికి క్యూబా కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 1977లో అక్కడ మొదటి రకం డెంగీ పాకింది, ఎక్కువగా తేలికపాటి జ్వరాలే. 1981లో రెండో రకం వచ్చింది. కొద్ది నెలల్లో 3,44,203 కేసులు, 158 మరణాలు. చనిపోయినవాళ్ళలో 101 మంది పిల్లలు. 1977 విజృంభణ ముగిశాక పుట్టిన ఒకటి రెండేళ్ళ పసివాళ్ళలో మాత్రం తీవ్రమైన డెంగీ దాదాపు కనబడలేదు. వాళ్ళకు అదే మొదటి ఇన్‌ఫెక్షన్ కాబట్టి.

వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో మొదటిసారి తయారైన యాంటీబాడీలు అనే రక్షక పదార్థాలు వేరే రకం వైరస్‌ను పట్టుకుంటాయి గానీ చంపలేవు. అలా సగం పట్టుబడిన వైరస్‌ను రక్షక కణాలు లోపలికి తీసుకుంటాయి, అది వాటిలోనే పెరుగుతుంది. నికరాగ్వాలో పిల్లలను ఏళ్ళ తరబడి గమనించినప్పుడు, యాంటీబాడీలు బాగా ఎక్కువున్నవాళ్ళకీ, అసలు లేనివాళ్ళకీ కాక, మధ్యస్థంగా ఉన్నవాళ్ళకే ముప్పు ఎక్కువని తేలింది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గుతూ ఉండే ఆరు నుంచి తొమ్మిది నెలల పసిబిడ్డలకు మొదటిసారే తీవ్రంగా రావడానికీ ఇదే కారణం.

రెండోసారి వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రాణాపాయం అని మాత్రం కాదు. ఎక్కువమంది కోలుకుంటారు. టెన్షన్ పడకుండా, జాగ్రత్త పెంచుకుంటే సరిపోతుంది.

ఆసుపత్రుల్లో కేసులు పెరిగాక చర్యలు మొదలుపెడితే ఆలస్యమా?

ఆలస్యమే. ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇదే అనుకుంటాను.

రోజులు లెక్కపెట్టి చూడండి. ఈరోజు ఒక దోమ రోగి రక్తం తాగింది. సుమారు పది రోజులకు అది అంటించగలుగుతుంది. అది కుట్టిన మనిషికి నాలుగు నుంచి పది రోజుల్లో జ్వరం వస్తుంది. జ్వరం వచ్చాక రెండు రోజులు మామూలు మాత్రలతో చూస్తారు, మూడో రోజు పరీక్ష, ఆ తర్వాత ఆ వివరం అధికారులకు చేరడం. అంటే ఈరోజు నమోదైన కేసు దాదాపు మూడు వారాల కిందటి దోమకాటు సమాచారం. ఈలోపు అదే రోగి ద్వారా ఇంకొన్ని దోమలకు వైరస్ ఎక్కేసి ఉంటుంది.

ఒక్కొక్కరి నుంచి ముగ్గురికి సోకుతుందనుకుందాం. ఒకటి మూడవుతుంది, మూడు తొమ్మిది, తొమ్మిది ఇరవై ఏడు. రెండు నెలల్లోపే నలభై మందికి సోకింది, అందులో జ్వరంతో కనబడేది ఓ పదిమంది. ఆ పదిమంది కూడా వేర్వేరు క్లినిక్‌లకు వెళ్తారు, ఎవరికీ అనుమానం రాదు. ఇంకో రెండు రౌండ్లు తిరిగేసరికి వార్తల్లోకి ఎక్కుతుంది. వార్తల్లో డెంగీ పేరు కనబడే రోజుకు వ్యాప్తి మొదలై మూడు నెలలై ఉంటుంది. లార్వాలను వెతికి తీసేయాల్సిన సమయం ఆ మూడు నెలలు, ఇంకా చెప్పాలంటే అంతకు ముందటి ఎండాకాలం. విజృంభణ మొదలయ్యాక చేసే హడావుడికి పెట్టే డబ్బులో కొంత ముందే పెడితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ప్రతి ఏడూ ఇదే జరుగుతుంటే బాధగా ఉంటుంది.

ఫాగింగ్ పనిచేస్తుందా?

కొద్దిగా, కొద్దిసేపు. పొగ తగిలిన ఎగిరే దోమలే చస్తాయి. ఈడిస్ ఇంటి లోపల మూలల్లో ఉంటుంది, పొగ వీధిలో తిరుగుతుంది. బండి వస్తోందని జనం తలుపులు మూసుకుంటారు. గుడ్లకు, లార్వాకు ఏమీ కాదు, వారంలో కొత్త దోమలు బయటికొస్తాయి. పైగా వాడే మందుకు చాలా దేశాల్లో దోమలు అలవాటు పడిపోయాయి. పొగ కనబడుతుంది, చప్పుడు వినబడుతుంది కాబట్టి ఏదో జరుగుతోందన్న ధైర్యం వస్తుంది. కేసులు వచ్చిన ఇళ్ళ లోపల సరిగ్గా కొడితే కొంత మేలుంది. దాన్నే నమ్ముకోవడం మాత్రం పొరపాటు.

దోమను పూర్తిగా లేకుండా చేసిన దేశాలున్నాయా?

ఉన్నాయి. 1947లో అమెరికా ఖండాల దేశాలన్నీ కలిసి ఈడిస్ ఈజిప్టైని నిర్మూలించాలని తీర్మానించుకున్నాయి. అప్పటి భయం డెంగీ కాదు, అదే దోమ మోసే ఎల్లో ఫీవర్. ఇంటింటికీ మనుషులు తిరిగి, పాత్రలన్నీ వెతికి, డీడీటీ అనే పురుగుమందు కొట్టారు. 1958లో బ్రెజిల్‌లో ఈ దోమ లేదని ప్రకటించారు. తర్వాత నిధులు తగ్గాయి, సిబ్బంది వేరే పనులకు పోయారు, డీడీటీకి దోమలు లొంగడం మానేశాయి. 1970ల్లో దోమ తిరిగొచ్చి స్థిరపడింది. 1986లో రియో డి జనీరోలో పెద్ద విజృంభణ. 2024లో బ్రెజిల్ ఒక్కదాంట్లోనే 60 లక్షలకు పైగా కేసులు. ఆ ఏడు ప్రపంచం మొత్తం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందిన లెక్క 1.46 కోట్లు, మరణాలు 12 వేలకు పైగా. 2000 సంవత్సరంలో కేసుల సంఖ్య ఐదు లక్షలే.

చల్లటి ప్రాంతాలకు భయం లేదా?

ఉంది. 1,400 మీటర్ల ఎత్తున ఉన్న ఖాట్మండూ లోయలో ఒకప్పుడు డెంగీ మాటే లేదు. 2022లో నేపాల్‌లో 54 వేలకు పైగా కేసులు వచ్చాయి, ఆ లోయ బాగా దెబ్బతింది. కొత్తగా వచ్చిన చోట డాక్టర్లకూ అనుభవం తక్కువ, జనంలో ఎవరికీ రక్షణ ఉండదు.

బ్యాక్టీరియా ఎక్కించిన దోమలను వదులుతున్నారట, నిజమా?

నిజమే. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎన్నో కీటకాల్లో సహజంగానే ఉంటుంది, ఈడిస్ ఈజిప్టైలో ఉండదు. దాన్ని ఎక్కిస్తే దోమలో డెంగీ వైరస్ సరిగ్గా పెరగదు. ఆడదోమ తన పిల్లలన్నిటికీ దాన్ని అందిస్తుంది కాబట్టి కొన్ని నెలలు వదిలితే ఆ ప్రాంతపు దోమలన్నిటికీ పాకుతుంది. ఇండొనేషియాలోని యోగ్యకర్తాలో జరిగిన ప్రయోగంలో ఇలాంటి దోమలు వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం, ఆసుపత్రిలో చేరాల్సిన కేసులు 86 శాతం తగ్గాయి. 2021లో ప్రచురితమైన ఈ ఫలితం నాకు ఎంతో ఆశ కలిగించింది. దోమలు వదలడమేమిటని జనం భయపడడం సహజం. ఇంటింటికీ వెళ్ళి ఓపికగా చెప్పి, వాళ్ళ అంగీకారం తీసుకున్నాకే ఇది నిలబడుతుంది.

టీకా ఉందా?

ఉంది గానీ అందరికీ ఒకే సలహా చెప్పలేం. మొదట వచ్చిన డెంగ్వాక్సియా గట్టి పాఠం నేర్పింది. 2016లో ఫిలిప్పీన్స్‌లో బడిపిల్లలకు వేయడం మొదలుపెట్టారు, ఎనిమిది లక్షల మందికి పైగా వేశారు. అంతకుముందు డెంగీ సోకని పిల్లలకు ఆ టీకా తర్వాత తీవ్రమైన డెంగీ ముప్పు పెరుగుతుందని 2017 నవంబరులో తయారీదారే ప్రకటించాడు. టీకా వాళ్ళకు మొదటి ఇన్‌ఫెక్షన్‌లా పనిచేసింది. క్యూబాలో జరిగిందే ఇక్కడా జరిగింది. ఆ దెబ్బకు అక్కడి తల్లిదండ్రులకు మిగతా టీకాల మీద కూడా నమ్మకం పోయింది.

తర్వాత వచ్చిన క్యూడెంగాను వ్యాప్తి ఎక్కువున్న ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు, మూడు నెలల తేడాతో రెండు డోసులుగా వేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బ్రెజిల్‌లో బుటాంటాన్ సంస్థ తయారుచేసిన ఒకే డోసు టీకాకు 2025 నవంబరులో అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. మీ దేశంలో ఏది అనుమతించారో డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చింది. మిగతావాళ్ళకు పాకకుండా ఏం చేయాలి?

జ్వరం మొదలైన ఐదారు రోజులు రోగిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. రాత్రి మాత్రమే కడితే ఈ దోమకు ఉపయోగం లేదు. ఇంట్లో మూలలు, మంచాల కింద దోమల మందు కొట్టండి. ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళలో నిలిచిన నీళ్ళు అదేరోజు పారబోయండి. మీ ఇల్లు ఒక్కటీ శుభ్రంగా ఉంటే చాలదు, పక్కింటి డాబా మీది డ్రమ్ము కూడా మీదే అనుకోవాలి.

రోగికి జ్వరం తగ్గడానికి పారాసెటమాల్ మాత్రమే, డాక్టరు చెప్పిన మోతాదులో. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వద్దు, రక్తస్రావం పెంచుతాయి. నీళ్ళు, ద్రవాలు బాగా తాగించాలి. అసలు గండం జ్వరం తగ్గిన తర్వాతే, సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో. జ్వరం దిగిందని ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజులే కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి లేదా ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఊపిరి ఆడకపోవడం, చేతులు కాళ్ళు చల్లబడడం, మత్తుగా లేదా చిరాగ్గా ఉండడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూసి కంగారుపడొద్దు. రక్తస్రావం లేని పెద్దవాళ్ళకు, సంఖ్య 20 వేలకు తగ్గినా, ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు లేదని సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షలో తేలింది. ప్రాణం తీసేది ఎక్కువగా రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోవడం. డాక్టర్లు సెలైన్‌ను అంత లెక్కగా ఎక్కించేది అందుకే.

కేసులు లేని ఎండాకాలంలో చేయాల్సిన పని ఏమైనా ఉందా?

ఎండిపోయిన డ్రమ్ములు, తొట్లు కడగాలి. ఈ దోమ గుడ్లు నీళ్ళలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటించి పెడుతుంది. నల్లటి ఆవగింజల కంటే చిన్నవి, కంటికి సరిగ్గా ఆనవు. నీళ్ళు ఎండిపోయినా అవి నెలల తరబడి చావకుండా ఉండి, మొదటి వానకు నీళ్ళు తగలగానే పగులుతాయి. అక్కడి నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే నీళ్ళు ఒంపేస్తే సరిపోదు. వారానికోసారి పాత్ర లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది, కడిగిన నీళ్ళను ఎండగా ఉన్న పొడి నేల మీద పారబోసి, బోర్లించి ఎండబెట్టాలి. ఒంపడానికి వీల్లేని పెద్ద తొట్టికి గట్టి మూత లేదా దోమ దూరని సన్న వల కట్టాలి. అదీ కుదరకపోతే లార్వాను తినే చేపలు వదలాలి. పాత టైర్లను వానకు ముందే చూరు కిందికి చేర్చాలి, లేదా నీళ్ళు నిలవకుండా వాటికి రంధ్రాలు పెట్టాలి.